నేల వాటా

దుకాణం ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వచ్చింది ఊనా మెక్రే,
రాత్రి డ్యూటీ దిగి, కన్ను మూయకుండా,
డండీ నుంచి రెండు బస్సులు మారి.
"కొండమీద ఒక్క రాత్రి పడుకోవాలి.
ఎప్పుడూ పడుకోలేదు" అంది,
తప్పు ఒప్పుకుంటున్నట్టు.

టార్క్విల్ మాటలమనిషి కాదు, తూకంమనిషి.
ప్రతి వస్తువునీ చేపల తక్కెడకి తగిలించి
ముల్లు ఆగేదాకా ఆగుతాడు.
ముగ్గురు పట్టే గుడారం నాలుగు కిలోలు:
"రాని ఇద్దర్నీ
ఏటవాలు మీద ఎవరు మోస్తారు?"

బాతు ఈకల సంచిని గుప్పిట నొక్కి వదిలితే
అది మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.
కానీ ఇక్కడి వాన ఆకాశం నుంచే రానక్కర్లేదు,
గాలిలోనే కాపురం ఉంటుంది.
తడిస్తే ఈక అలిగి ముద్దవుతుంది.
సింథటిక్ సంచి బరువు, మొరటు,
తడిసినా మాట మీద ఉంటుంది.

చీటీ మీద రెండు అంకెలు.
ఒకటి, హాయిగా నిద్రపట్టే చలి.
ఇంకొకటి, ఎలాగో తెల్లవారే చలి.
"అమ్మేవాళ్ళు రెండోది పెద్దగా అచ్చేస్తారు,
నువ్వు మొదటిది చదువు."
ఇరవై రెండేళ్ళు వార్డులో రాత్రులు కాసిన మనిషికి
ఆ రెండు అంకెల మధ్య దూరం
ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత గోడ మీంచి బివీ సంచి తీశాడు.
గుడారమే వద్దు, దూరి జిప్పు లాక్కుంటే చాలు,
అరకిలో.
ఆమె ముట్టుకోలేదు.
"ఇలాంటి జిప్పులు నేను బయటినుంచి వేశాను" అంది,
"పాదాల దగ్గర మొదలుపెట్టి."
టార్క్విల్ దాన్ని మడిచి బల్ల కిందకి తోశాడు.
తక్కెడ ఊరికే కాసేపు ఊగింది.

ఒంటి మనిషి గుడారం, నాచురంగుది,
దుకాణం నేల మీదే నిలబెట్టి
"పడుకుని చూడు, మోచేతులు తగులుతాయేమో" అన్నాడు.
పడుకుంది. తగల్లేదు.
మాట రాకపోతే వంగి చూశాడు:
నోరు కొంచెం తెరిచి, బూట్లతోనే, నిద్ర.
తలుపు మీది పలకని 'మూసి ఉంది' వైపు తిప్పి
మెట్ల మీద కూర్చుని రొట్టె తిన్నాడు
గంటన్నర.

లేచి సిగ్గుపడి డబ్బు లెక్కపెట్టింది.
గుడారం, సంచి సరిపోయాయి.
చాప దగ్గర చెయ్యి వెనక్కి తీసింది:
"ఇంట్లో యోగా చాప ఉందిగా."
"చలి పైనుంచి రాదు" అన్నాడు టార్క్విల్.
అంతకంటే చెప్పడం అతని పద్ధతి కాదు.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు
అని మన సామెత కట్టినవాడు
హైలాండ్స్ నేలకి వీపు ఆన్చి ఎరగడు.
పేరులేని చిన్న సరస్సు ఒడ్డున
నుసుములు వలకి అవతల ఆకలిగా గోల పెట్టాయి.
గాలి ఒక మేకు పీకేస్తే
ఆమె రాయి పెట్టింది, గట్టి రాయి.
అంతా బాగానే ఉంది, నేల తప్ప.
నేల తన వాటా తాను తీసుకుంది
భుజం నుంచి కొంత, తుంటి నుంచి కొంత,
తొందర లేకుండా, కొలతతప్పకుండా.
వానకోటు కింద వేసింది. ఖాళీ సంచి వేసింది.
చివరికి మ్యాపు కూడా,
కొండలన్నీ వీపు కింద నలిగాయి.

జూన్‌లో అక్కడ రాత్రి పూర్తిగా నల్లబడదు.
రెండున్నరకి అలవాటుగా మెలకువ పెరిగింది,
రౌండ్స్ వేళ.
వరసగా మంచాలు, వరసగా ఊపిరులు వినే చెవికి
ఇక్కడ ఒక్కటే వినపడింది.
లెక్కపెట్టింది. నిమిషానికి పద్నాలుగు.
ఏ కాగితం మీదా రాయలేదు.

మంగళవారం మళ్ళీ తలుపు గంట మోగింది.
"పట్టిందా నిద్ర?"
"లేదు" అంది, ముఖమంతా వెలుగు, మెడ మీద ఆరు కాట్లు.
"చాప చూపించు."
టార్క్విల్ తక్కెడకి తగిలించాడు.
ముల్లు ఆగేదాకా ఇద్దరూ ఆగారు.